యానాది, ఎరుకల, సుగాలి వాళ్ల దగ్గరికి పని మీద పోయేవాళ్లకు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సచివాలయం, బ్యాంకు, ఆసుపత్రి, ఎన్జీవో ఏదైనా గానీ కొత్తగా చేరిన స్టాఫ్‌కి ట్రైనింగ్ అంటే స్కీముల పేర్లు చెప్పి పంపించేస్తారు, యానాది, ఎరుకల, సుగాలి గిరిజనులతో మనిషిగా ఎట్ల మసులుకోవాలో ఎవరూ చెప్పరు. నా లెక్కలో అదే ముందు నేర్పాల్సింది.

మొదట కొంచెం చరిత్ర. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా పెట్టి, ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసేసినారు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కట్టేటప్పుడు దీవిలో ఉన్న యానాదుల్ని ఖాళీ చేయించినారు. కాబట్టి ఫైలు పట్టుకోని ఎవరన్నా వస్తా ఉంటే వాళ్లు తప్పుకుంటే, దాన్ని తెలివితక్కువతనం అనుకోవద్దు, అది అనుభవం.

అందరూ ఒకటే అనుకోవద్దు. యానాదులది తెలుగే, ఎరుకల వాళ్లకు, సుగాలి వాళ్లకు సొంత భాషలు ఉండాయి. సుగాలి వాళ్ల తండాలో ఐతే ముందు పెద్దమనుషులకు చెప్పి పోండి.

పోయే టైము చాలా ముఖ్యం. చేపలకో, నిమ్మతోటల్లో కాపలాకో, కూలికో తెల్లారకముందే పోతారు, మీరు పదకొండుకు పోయి "ఎవరూ సహకరించడం లేదు" అని రిపోర్ట్ రాస్తే ఎట్ల? మీ వల్ల ఒక రోజు కూలి పోతే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. ముందురోజే అడిగి, సాయంత్రం పోండి.

బండి స్టార్టింగ్‌లోనే పెట్టి పైనుంచి "ఏయ్, ఆధార్ తీసుకురా" అనేది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బండి దూరంగా ఆపి దిగండి, పేరు చెప్పండి, అక్కా, అన్నా, పెద్దాయనా, మీరు అనండి. కూర్చోమంటే వాళ్ల చాప మీదే కూర్చోండి, నీళ్లిస్తే తాగండి. కులం పేరును తిట్టుగా వాడే అలవాటు మనూళ్లల్లో ఉంది, ఆఫీసులో తమాషాకు కూడా అనొద్దు, 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు అయ్యే సందర్భాలు కూడా ఉండాయి.

వేలిముద్ర దగ్గర ఆగండి. కాగితంలో ఏముందో మొత్తం చదివి వినిపించండి, ఎంత డబ్బు, ఎవరి పేరుతో, తిరిగి కట్టాల్సింది ఉందా, కట్టకపోతే ఏమౌతుంది. తర్వాత "నేను చెప్పింది మీకు ఎట్ల అర్థమైందో చెప్పండి అక్కా" అని అడగండి, తలకాయ ఊపడాన్ని ఒప్పుకోవడం అనుకోవద్దు. మగాళ్లనే అడిగి రావద్దు, ఆడోళ్లతో వేరేగా మాట్లాడండి. అడక్కుండా ఫోటో తీయొద్దు, పిల్లలదైతే అమ్మానాన్న ఒప్పుకోవాల.

ఇంకొకటి, మన రెండు జిల్లాల్లో ఐదో షెడ్యూల్ ఏరియా, అంటే రాజ్యాంగం ప్రకారం గిరిజనులకు ప్రత్యేకంగా ప్రకటించిన ఏజెన్సీ ప్రాంతం లేదు, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఇక్కడ ఉందని చెప్పి ఆశ పెట్టొద్దు. అడవి మీద ఆధారపడి బతికేవాళ్లకు అక్కడి భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చే 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం అడవి ఉన్నచోట వర్తిస్తుంది, అది వివరంగా చెప్పండి.

అడ్వాన్స్ ఇచ్చి కుటుంబాన్ని తోటలోనో చెరువు దగ్గరో కట్టిపెట్టినట్టు తెలిస్తే, 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం కలెక్టర్, ఆర్డీవో దృష్టికి తీసుకుపోవచ్చు. కానీ ముందు ఆ కుటుంబంతో ఓనరు లేని చోట మాట్లాడండి, విడిపించినాక ఎక్కడ ఉంటారు, ఏం తింటారు, పిల్లల బడి ఎట్ల అనేది వాళ్లతోనే కూర్చోని తేల్చుకున్నాకే అర్జీ పెట్టండి. అర్జీ ఏమైందో, కాకపోయినా సరే, మీరే మళ్లీ పోయి చెప్పండి.