క్రషర్ జల్లెడ తనిఖీ – 4వ పాఠం: ఆడుతుండగానే చూడాల్సినవి

కొట్టిన రాయిని ఊపుతూ సైజుల వారీగా వేరుచేసే యంత్రమే జల్లెడ. ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క: జల్లెడ షాఫ్టు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి? మోటారు నిమిషానికి 1440 చుట్లు, మోటారు పుల్లీ 150 మిల్లీమీటర్లు, జల్లెడ పుల్లీ 240. 1440ని 150తో గుణించి 240తో భాగిస్తే 900 వస్తుంది. అంటే జల్లెడ షాఫ్టు నిమిషానికి 900 చుట్లు తిరగాలి. బెల్టు ఎంతో కొంత జారుతుంది కాబట్టి టాకోమీటరు (చుట్లు కొలిచే పరికరం) ఐదో పదో తక్కువ చూపిస్తే పట్టించుకోనక్కర్లేదు. యాభై తక్కువ చూపిస్తే మాత్రం బెల్టు వదులైందనే అర్థం. ఈ 900ని నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, ఈ పాఠంలో దాంతోనే పని.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు నార్జి సున్నపురాయి కొట్టే క్రషర్లున్నాయి, రోడ్లకూ ఇళ్లకూ కంకర కొట్టే చిన్న క్రషర్లూ ఉన్నాయి. చిన్న క్రషర్లలో తనిఖీ అంటే ఎక్కువగా ఒకటే పద్ధతి: ఆదివారం మిషను ఆపడం, గ్రీజు కొట్టడం, కనిపించిన నట్టల్లా బిగించడం. ఆడుతుండగా చూద్దామని మీరు పైకెక్కితే ఆపరేటరు అడుగుతాడు: "బాగానే ఆడతాండాది గదన్నా, మళ్ల ఏం జూస్తావు?" బాగా ఆడుతోందో లేదో తేలేది అప్పుడే మరి. ఆపేశాక నాలుగు మూలల స్ప్రింగులూ బుద్ధిగా నిలబడి ఉంటాయి, జాలీ (రాయిని జల్లించే తీగ వల) కదలదు, బేరింగు చల్లబడిపోతుంది. అందుకే ఈ వరుస పాటించండి: ఆడుతుండగా ఒకసారి, ఆగుతుండగా ఒకసారి, మెయిన్ స్విచ్చికి తాళం వేశాక ఒకసారి. ఈ పాఠం బరువంతా మొదటిదాని మీదే.

పైకెక్కే ముందు ఒక మాట. వదులు చొక్కా, పంచె, మెడలో తువ్వాలు, చేతికి కట్టిన దారాలు ఏవీ వద్దు. తిరిగే యంత్రం దగ్గర పనిచేసేవాడు ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షనులోనే ఉండేది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. బెల్టు గార్డు దాటి చెయ్యి పెట్టొద్దు. ఈ పాఠంలో ఆడుతుండగా చెయ్యమన్న ప్రతి పనీ కంటితోనో చెవితోనో అయ్యేదే, చేత్తో ముట్టుకునేది ఒక్కటీ లేదు.

వలయాల కార్డు

దళసరి తెల్లకాగితం తీసుకుని, జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినితో ఆరు వలయాలు గీయండి. వాటి వ్యాసాలు 6, 7, 8, 9, 10, 11 మిల్లీమీటర్లు. గీత సన్నగా, నల్లగా ఉండాలి. లోపల రంగు నింపొద్దు. ప్రతి వలయం కింద దాని కొలత రాయండి. ఇలాంటివే నాలుగు కార్డులు చేసి, జల్లెడ ఆగి, తాళం పడి ఉన్నప్పుడు పక్క ప్లేట్ల మీద నాలుగు మూలలా స్ప్రింగు దగ్గర్లో అతికించండి. దుమ్ము పట్టకుండా పైన పారదర్శకమైన టేపు వేయండి.

ఇప్పుడు జల్లెడను ఖాళీగా ఆడించమనండి. రాయి పడుతుంటే దాని బరువును బట్టి ఊపు మారుతుంది, వారం వారం పోల్చడానికి పనికిరాదు. నాలుగడుగుల దూరంలో నిలబడి కార్డు చూడండి. ప్రతి వలయమూ అలుక్కుపోయి పెద్ద మసక చక్రంలా కనిపిస్తుంది, దాని నడుమ ఒక చిన్న ఖాళీ ఉంటుంది. వలయం నుంచి వలయానికి చూపు జరపండి. ఆ ఖాళీ చిన్నదవుతూ ఒక వలయం దగ్గర మూసుకుపోయి నల్లటి చుక్క అవుతుంది. తరువాతి వలయంలో మళ్లీ తెరుచుకుంటుంది. చుక్క పడిన వలయం కొలతే ఆ మూల ఊపు. జల్లెడ 9 మిల్లీమీటర్ల చక్రంలో తిరుగుతుంటే, 9 మిల్లీమీటర్ల వలయం ఎటు జరిగినా దాని గీత ఒకే బిందువును తాకుతూ పోతుంది. చుక్కగా కనిపించేది ఆ బిందువే.

ఏటవాలుగా ఉండి గుండ్రంగా ఊగే జల్లెడల్లో షాఫ్టు దగ్గర కదలిక చక్రంలా ఉన్నా, రెండు కొసల్లో కోలగా మారుతుంది. అక్కడ చుక్క సాగినట్టు కనిపిస్తే తప్పేమీ లేదు. ఎడమ పక్కా కుడి పక్కా ఒకేలా సాగాలి, అదీ చూడాల్సింది. రాయి పడే కొసలో ఎడమ 9, కుడి 9 ఉండి, దిగే కొసలో ఎడమ 9, కుడి 7 వచ్చిందనుకోండి. కుడిచేతి దిగే మూలలో ఏదో ఉంది: స్ప్రింగు చుట్టు విరగడం, చుట్ల మధ్య రాయి ఇరుక్కోవడం, స్ప్రింగు కింద పొడి గట్టిపడిపోవడం, అదీ కాకపోతే పక్క ప్లేటు పగులు. నా లెక్కలో ఒకే కొసలో రెండు పక్కలకూ ఒక మిల్లీమీటరుకు మించి తేడా వస్తే కారణం దొరికేదాకా ఆ జల్లెడను వదలకూడదు.

ఫోనులో స్లో మోషన్ ఉంటే జాలీని తీయండి. సెకనుకు 240 ఫ్రేములంటే, 900 చుట్ల జల్లెడకు ఒక్కో ఊపుకు 16 బొమ్మలు. బిగువైన జాలీ డెక్కుతో (జాలీ బిగించిన చట్రంతో) కలిసి ఒకే ముక్కలా కదులుతుంది. వదులైనది నడుమ లేచి కింది రబ్బరు మీద కొట్టుకుంటుంది. ఫోను లేకున్నా చెవికి అందుతుంది, పటపటమని పలుచటి చప్పుడు వస్తుంది. అలా నాలుగు రోజులు ఆడితే తీగ రబ్బరు దగ్గరే తెగుతుంది, మర్నాడు 12 ఎంఎం కుప్పలో 20 ఎంఎం కంకర కలిసిందని లారీ వెనక్కి వస్తుంది.

ఊపు, వేగం, బేరింగు

పక్కన పెట్టుకున్న 900 ఇప్పుడు తీయండి. జల్లెడ రాయిని ఎంత బలంగా విసురుతోందో భూమి ఆకర్షణతో పోల్చి చెప్పే లెక్క ఇది: ఊపును మిల్లీమీటర్లలో తీసుకుని, చుట్ల సంఖ్యతో రెండుసార్లు గుణించి, 17,89,000తో భాగించాలి. 9 × 900 × 900 అంటే 72,90,000. భాగిస్తే 4.07. ఏటవాలు జల్లెడలకు మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉంటుంది కాబట్టి మనది సరైన చోటే ఉంది.

ఈ లెక్క ఎందుకంటే, సెప్టెంబరు, అక్టోబరు వానల్లో రాతితో పాటు ఎర్రమట్టి వచ్చి జాలీ కళ్లు మూసేస్తుంది. అప్పుడు "పుల్లీ మార్చి స్పీడు పెంచుదాం" అని ఎవరో ఒకరు అంటారు. 900ని 1050 చేస్తే లెక్క 5.5 దాటుతుంది. అది ఒక ఎత్తు. బేరింగు మీద బరువు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 36 శాతం ఎక్కువవుతుంది. బరువు పెరిగే కొద్దీ రోలర్ బేరింగు ఆయువు అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది, దానికి తోడు గంటకు తిరిగే చుట్లూ పెరిగాయి. రెండూ కలిపితే ఏడాది ఆడే బేరింగు నాలుగు నెలలకే పోతుంది. మట్టి అంటుతుంటే జాలీ మార్చండి, నీళ్లు చల్లండి, రాయి పడే జోరు తగ్గించండి. స్పీడు జోలికి మాత్రం తయారీదారు చెప్పకుండా పోవద్దు.

బేరింగు వేడిని రెండు గంటలు ఆడాకే కొలవాలి. చేతి థర్మామీటరు గన్ను మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది, హౌసింగు (బేరింగు బయటి పెట్టె) మీద రూపాయి బిళ్లంత నల్లరంగు మచ్చ వేసుకుని ఎప్పుడూ దానిమీదే గురిపెట్టండి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మే నెల మధ్యాహ్నం కడపలో నీడలోనే 42 డిగ్రీలున్నప్పుడు హౌసింగు 75 చూపిస్తే కంగారుపడి గ్రీజు కొడతారు. డిసెంబరు పొద్దున 20 డిగ్రీల చలిలో 65 చూపిస్తే బాగుందని వెళ్లిపోతారు. మొదటిదాంట్లో గాలి కంటే వేడి 33 డిగ్రీలే ఎక్కువ, రెండోదాంట్లో 45. జబ్బు డిసెంబరు బేరింగుది. కాబట్టి నోటుబుక్కులో రెండు గళ్లు పెట్టండి, ఒకటి గాలి వేడికి, ఒకటి హౌసింగు వేడికి. ఎడమ, కుడి బేరింగుల మధ్య పది డిగ్రీల తేడా కూడా అనుమానించాల్సిందే.

వేడెక్కిన బేరింగుకు ఇంకొంచెం గ్రీజు కొట్టడం మనవాళ్లకు అలవాటైన వైద్యం. నిండిపోయిన హౌసింగులో గ్రీజు చిలికి చిలికి వేడి ఇంకా పెరుగుతుంది. గ్రీజు గన్ను ఒక్క నొక్కుకు ఎన్ని గ్రాములు వస్తుందో తెలీకుండా "పది నొక్కులు" అనడంలో అర్థం లేదు. కాగితం మీద ఇరవై నొక్కులు కొట్టి కిరాణా కాటా మీద తూచి, ఇరవైతో భాగించండి. కొత్త బేరింగు కొనేటప్పుడు నంబరు చివర సి4 ఉందో లేదో చూడండి. జల్లెడ బేరింగులో లోపలి సందు ఎక్కువ ఉండాలి. అదే సైజని మామూలుది తెచ్చి వేస్తే వేడెక్కి బిగుసుకుపోతుంది.

ఆగేటప్పుడు, ఆగాక

స్విచ్చి ఆపిన తరువాత జల్లెడ నెమ్మదిస్తూ స్ప్రింగులు సహజంగా ఊగే వేగం దగ్గరికి వచ్చినప్పుడు కొన్ని క్షణాలు విపరీతంగా ఊగుతుంది. చూట్‌కు (రాయి జారే తొట్టికి) తగిలేది అప్పుడే. చూట్ అంచున గీసుకుపోయి కొత్తగా మెరిసే ఇనుము కనిపిస్తే సందు చాలడం లేదన్నమాట.

తరువాత మెయిన్ స్విచ్చికి మీ తాళం, తాళం చెవి మీ జేబులో. స్టార్ట్ బటన్ నొక్కి కదలదని తేల్చుకున్నాకే డెక్కు ఎక్కండి. ఈ భాగం వచ్చే పాఠంలో వివరంగా వస్తుంది, ఈ వారానికి మూడు పనులు చాలు. నాలుగు స్ప్రింగుల ఎత్తు టేపుతో కొలవండి, ఒక కొసలో ఒకటి మార్చాల్సి వస్తే దాని జతనూ మార్చాలి. బోల్టు తలల చుట్టూ ఎర్రటి సన్నపొడి కారి ఉందేమో చూడండి, అది వాన తుప్పు కాదు, వదులై రాసుకుంటున్న బోల్టు నుంచి రాలే పొడి. మూడోది పగుళ్లు: పక్క ప్లేటు తుడిచి టార్చిలైటు ఏటవాలుగా వేయండి. గీత కనిపిస్తే సుద్దతో దాని కొస గుర్తుపెట్టి తేదీ రాయండి, పైవాళ్లకు చెప్పండి. మీ అంతట మీరు వెల్డింగు పెట్టొద్దు. ఎర్త్ క్లాంపు దూరంగా ఉంటే కరెంటు బేరింగు గుండా పోయి రోలర్ల మీద గుంటలు వేస్తుంది.

అభ్యాసం: మీ జల్లెడ నాలుగు మూలల ఊపు, టాకోమీటరు చుట్లు, గాలి వేడి, రెండు బేరింగుల వేడి రాసి తెచ్చుకోండి. ఊపు 8, చుట్లు 950 అయితే పైన చెప్పిన లెక్క ఎంత వస్తుందో కూడా చేయండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది, ఆ పాఠంలో జాలీ విప్పి కొత్తది బిగిద్దాం.