నవ్వుల రేడియో కార్యక్రమానికి బాణీ కట్టడం ఎలా

కడప యాసలో సాగే హాస్య కార్యక్రమానికి బాణీ కట్టడానికి కూర్చునే ముందు, స్క్రిప్టును నటుల చేత గట్టిగా చదివించుకుని వినాలి. కడప మాటకు తనదైన నడక ఉంది. ‘ఏం సేస్తాండావప్పా’ అన్నప్పుడు చివర వచ్చే సాగతీత, ‘అట్లనా’ అని తుంచినట్టు పలికే తీరు, సంగీతానికి కావలసిన లయను ముందే చెప్పేస్తాయి.

కార్యక్రమానికి ‘ఏం కతప్పా’ అని పేరు పెట్టామనుకుందాం. ఆ పేరును గురులఘువులుగా విడదీస్తే ‘ఏం క’ మూడు మాత్రలు, ‘తప్పా’ నాలుగు మాత్రలు, మొత్తం ఏడు; అంటే తకిట తకధిమి, అచ్చమైన మిశ్రచాపు తాళం. దానిని బలవంతంగా ఎనిమిది లెక్కల ఆదితాళంలో కూర్చితే ‘కతప్పా’ అన్న మాట ఎక్కడో ఒకచోట సాగి, పలుకులోని చురుకు పోతుంది. మాత్రకు పావు సెకను చొప్పున ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 1.75 సెకన్లు వస్తుంది కనుక, ఎనిమిది ఆవర్తనాలకు 14 సెకన్ల శీర్షిక బాణీ సిద్ధమవుతుంది. పేరును మొదటి ఆవర్తనంలోనూ చివరి ఆవర్తనంలోనూ పాడించి, నడుమ వాద్యాలకు వదిలేయాలి. మోహన రాగంలోని ఐదు స్వరాలు చాలు. పిల్లలు ఒకసారి విని పాడుకోగలగాలి.

వాద్యాల ఎంపికలో మన తోలుబొమ్మలాటను మించిన గురువు లేదని నా నమ్మకం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారుల సంప్రదాయంలో హార్మోనియం, మృదంగం, తాళాలతో పాటు కాలి కింద చెక్కను తొక్కి చేసే చప్పుడు కూడా ఉంది. కేతిగాడు, బంగారక్కల వంటి హాస్య పాత్రల గొడవకు ఆ చెక్క చప్పుడు ఎంత బలమిస్తుందో, రేడియోలో కొట్లాట సన్నివేశానికీ అంతే బలమిస్తుంది. గదిలో ఒక పలకను నేల మీద పెట్టి, మైకును మూరెడు దూరంలో ఉంచి రికార్డు చేసుకోవచ్చు. ఉరుముల వాద్యాన్ని మాత్రం నవ్వులకు వాడకూడదు. అది దేవతల కొలువుకు చెందినది, వినేవారి మనసు నొచ్చుకుంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్త వహించవలసింది చమత్కారం తరువాత వేసే రెండు మూడు సెకన్ల సంగీతపు తునక విషయంలో. మాట ముగిసీ ముగియకముందే డోలు మోగితే, శ్రోతకు అర్థం చేసుకునే వ్యవధి దక్కదు, నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. మాట తరువాత అర సెకనో, ముప్పావు సెకనో నిశ్శబ్దం విడిచి, ఆపైన తునక వేయాలి. ప్రతి చమత్కారానికీ వేయనక్కరలేదు. సన్నివేశం మారేచోట తప్పనిసరి. సంభాషణ కింద నడిచే సంగీతాన్ని మాటకన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ తక్కువలో ఉంచి, మనిషి గొంతును పోలిన క్లారినెట్, వయొలిన్ వంటి వాద్యాలను అక్కడ తప్పించాలి.

కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద వినిపించే స్టేషను కనుక, ఆ ప్రసారంలో లోతైన మోతలూ, గజ్జెల సన్నని రవళీ చాలావరకు పోతాయి. అందువల్ల బాణీలోని ముఖ్యమైన స్వరాలను మధ్యస్థాయిలో నడిపించి, గొంతులనూ వాద్యాలనూ కలిపే మిక్సింగ్ పూర్తయ్యాక మోనోలోకి, అంటే ఒకే చానెల్‌లోకి మార్చి, చిన్న రేడియోలోనో సెల్‌ఫోను స్పీకరులోనో వినాలి. వంటింట్లో మిక్సీ ఆడుతుండగా విన్నా పేరు స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే శబ్దం పెంచడం కన్నా, పేరు పాడేచోట ఒక వాద్యాన్ని తీసివేయడం మేలు.