కొత్త లైసెన్స్ చేతికి పవర్ కారు: ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎలా

కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్లల చేతికి పవర్ ఎక్కువున్న కారు ఇవ్వొచ్చా అని తేల్చుకోవాలంటే, ముందు "స్పోర్ట్స్ కారు" అన్న పేరు పక్కన పెట్టండి. ఆ పేరుతో అమ్మని బండ్లే ఇప్పుడు ఎక్కువ మోసం చేస్తున్నాయి. ఎలక్ట్రిక్ కారు బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ వేరియంట్ చూడండి. నాలుగు తలుపులు, అమ్మమ్మ హాయిగా కూర్చునే వెనక సీటు, పెద్ద డిక్కీ. పవర్ మాత్రం 530 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 0 నుంచి 100కి 3.8 సెకన్లు. చప్పుడుండదు, గేర్లుండవు. ఇంట్లో ఎవరికీ అది భయపడాల్సిన బండిలా కనిపించదు. అందుకే పేరు చూసి కాదు, లెక్క వేసి తేల్చుకోవాలి.

లెక్క ఇది. బ్రోచర్‌లో ఉన్న పీఎస్‌ని 0.735తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. ఆర్సీ మీద అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) కిలోల్లో ఉంటుంది, దాన్ని 1,000తో భాగిస్తే టన్నులు. కిలోవాట్లను టన్నులతో భాగించండి. మారుతి స్విఫ్ట్‌కి 82 పీఎస్, బరువు 920 కిలోల చుట్టుపక్కల, కాబట్టి 65 వస్తుంది. వర్టస్ జీటీ 1.5కి 150 పీఎస్, బరువు సుమారు 1,250 కిలోలు, అంటే 88. బీఎండబ్ల్యూ ఎం340ఐకి 374 పీఎస్, బరువు 1,750 దాకా, 157. పైన చెప్పిన సీల్‌కి 178.

ఈ అంకెతోనే చట్టాలు చేసిన దేశాలున్నాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల్లో పీ ప్లేటు (కొత్త డ్రైవరని తెలిపే పలక) మీద ఉన్నవాళ్లు టన్నుకి 130 కిలోవాట్లు దాటిన కారు నడపకూడదు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉండే మన తెలుగు కుటుంబాలైనా పిల్లలకి కారు కొనేముందు దీన్ని చూసుకోవాల్సిందే. ఇటలీ ఇంకా గట్టిగా ఉంది: లైసెన్స్ వచ్చిన మొదటి మూడేళ్లూ టన్నుకి 75 కిలోవాట్లు, మొత్తం మీద 105 కిలోవాట్లు దాటకూడదు. మన దగ్గర అలాంటిదేమీ లేదు. 18 నిండి, లైసెన్స్ ఉంటే స్విఫ్టయినా సీలయినా ఒకటే. కాబట్టి ఆ నియమం ఇంట్లో పెట్టుకోవాలి.

మా లెక్కలో మొదటి ఏడాది 75 లోపు బండి, రెండు, మూడు ఏళ్లలో 130 లోపు, ఆ పైన ఏదైనా మూడేళ్లు నిండాకే. లైసెన్స్ బీరువాలో పడుకున్న ఏళ్లు ఇందులోకి రావు. ఏడాదికి కనీసం 10,000 కిలోమీటర్లు, అందులో ఒక వానాకాలం, కొంత రాత్రి ప్రయాణం ఉండాలి. డబ్బుందా లేదా అన్నది తర్వాతి మాట.

తేడా ఎక్కడ వస్తుంది

పవర్ ఎక్కువైతే స్పీడ్ పెరుగుతుందని అందరికీ తెలుసు. అసలు పోయేది మనసు మార్చుకునే టైమ్. స్విఫ్ట్‌తో ఓవర్‌టేక్‌కి దిగితే బండి పుంజుకునేలోపు ఎదురుగా లారీ కనపడుతుంది, "వద్దులే" అనుకుని వెనక్కి తగ్గుతాం. 4 సెకన్లలో 100 అందుకునే బండిలో "వద్దులే" అనుకునేసరికే సగం దాటేసి ఉంటాం. అనుభవం ఉన్నవాళ్లు ఆ నిర్ణయం పెడల్ తొక్కకముందే తీసుకుంటారు. కొత్తవాళ్లు తొక్కాక తీసుకుంటారు.

ఆగడం సంగతి మీటర్లలో చూడండి. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదకి చేరడానికి 1.5 సెకన్లు వేసుకుందాం. పొడి రోడ్డు మీద గంటకి 60తో వెళ్తే మొత్తం 45 మీటర్లలో ఆగుతారు. 80తో అయితే 70. 120తో అయితే 130 మీటర్లు, అందులో 50 మీటర్లు బ్రేకు మీద కాలు పడకముందే అయిపోతాయి. వానలో అదే 120కి 190 మీటర్లు. 400 పీఎస్ ఉన్న బండికీ ఈ దూరాలు పెద్దగా తగ్గవు, ఎందుకంటే బండిని ఆపేది ఇంజిన్ కాదు, రోడ్డుని పట్టుకున్న నాలుగు అరచేతులంత రబ్బరు.

ఇంకో తేడా వెనక చక్రాలకి పవర్ వెళ్లే బండ్లలో ఉంటుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకి జారుతుంది. కొత్తవాళ్లు భయపడి కాలు ఒక్కసారిగా తీసేస్తారు. అప్పుడు బరువంతా ముందుకి వచ్చి వెనక టైర్లు ఇంకా తేలికై, బండి గిర్రున తిరుగుతుంది. ఈఎస్‌సీ (బండి పక్కకి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇందులో చాలావరకు అదే సర్దుతుంది. కాబట్టి కొత్త డ్రైవర్ ఉన్న ఇంట్లో ఆ స్విచ్ జోలికి ఎవరూ వెళ్లకూడదు. "ఫన్ కోసం ఒకసారి ఆఫ్ చేశా" అన్నవాడి దగ్గర ఆరోజే తాళాలు తీసుకోవచ్చు.

బండి ఎవరి పేరు మీద

లైసెన్స్ కొత్తగా వచ్చిన వయసులో సొంత కారు వద్దు, ఇంటి కారు చాలు. బండి తల్లి లేదా తండ్రి పేరు మీద ఉంటే తాళం అడిగి తీసుకోవాలి, ఎక్కడికో చెప్పాలి. ఆ రెండు మాటలే సగం తప్పులు ఆపుతాయి. కానీ యాక్సిడెంట్ అయితే పరిహారం కేసులో ఓనర్ పేరు కూడా ఉంటుందని మర్చిపోవద్దు.

18 నిండని వాళ్లకి తాళం ఇస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకి లేదా ఓనర్‌కి 3 ఏళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్స్ కూడా ఇవ్వరు. "కాలనీ చివరిదాకే కదా" అనేవాళ్లు ఈ చివరి వాక్యం ఇంకోసారి చదవండి.

ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ (భాగాల తరుగు కోయకుండా చెల్లించేది), ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోండి. రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం), ఎగ్జాస్ట్ లాంటి మార్పులు కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. అనుమతి లేని ఆల్టరేషన్‌కి చట్టంలో ఒక్కోదానికి రూ.5,000 దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా ఉంది.

సెకండ్ హ్యాండ్ అయితే

ఈ కోవలో ఎక్కువమంది కొనేది పాత పోలో జీటీ, ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటివి. వాటిని ఇంతకుముందు వాడింది కూడా కుర్రాళ్లే అని అనుకునే చూడాలి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఈఎస్‌సీ, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగి ఆరాలి. వెలగనే లేదంటే లోపం బయటపడకుండా ఎవరో ఆ లైటు తీసేసి ఉండొచ్చు. సీటు బెల్టు చివరిదాకా లాగి, కింద ఉన్న లేబుల్ మీద సంవత్సరం చూడండి. బండి 2018ది, బెల్టు 2021ది అయితే మధ్యలో పెద్ద దెబ్బ తగిలి ఉండొచ్చు. టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. అయిదారేళ్లు దాటిన టైరు గాడి ఎంతున్నా మార్చాల్సిందే. బండి లిఫ్ట్ మీద పెట్టించి రిమ్ముల లోపలి అంచు చేత్తో తడిమితే గుంతల్లో పడి వంగినవి తెలిసిపోతాయి. కొనగానే బ్రేకు ఆయిల్ మార్పించండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, వేడెక్కితే మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్చాలి.

తాళం ఇచ్చేముందు ఒక ఆదివారం

ఊరి బయట వెంచర్లలో 40 అడుగుల రోడ్లు వేసి, ఇళ్లు కట్టకుండా వదిలేసినవి ఉంటాయి. వాచ్‌మన్‌ని, ఓనర్‌ని అడిగి పొద్దున్న ఆరింటికి వెళ్లండి. ముందు సీటు సర్దించండి: వీపు సీటుకి ఆని ఉండగానే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకి అందాలి, బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి.

తర్వాత రోడ్డు పక్కన ఒక నీళ్ల సీసా పెట్టి, 40 స్పీడ్‌లో దాని దగ్గరికి రాగానే బ్రేకు ఉన్న బలమంతా పెట్టి తొక్కమనండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, కింద నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. మొదటిసారి దాదాపు అందరూ ఏదో విరిగిందని కాలు తీసేస్తారు. ఆ ఒక్క అలవాటు పోగొట్టడానికే ఈ ప్రయాణం. అయిదుసార్లు 40లో, మరో అయిదుసార్లు 60లో. ఆ తర్వాత బ్రేకు వదలకుండానే సీసా పక్కనుంచి తప్పించుకోమనండి. ఏబీఎస్ ఉంటే స్టీరింగ్ మాట వింటుందని చెబితే తెలియదు, చేస్తేనే తెలుస్తుంది. మధ్యలో అయిదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి బ్రేకులు చల్లారనివ్వండి.

మొదటి ఆర్నెల్లు రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము అయిదింటి దాకా ఒంటరిగా వద్దు, బండిలో స్నేహితులు వద్దు. న్యూజిలాండ్‌లో కొత్తవాళ్లకిచ్చే రెస్ట్రిక్టెడ్ లైసెన్స్ మీద ఇలాంటి నియమమే ఉంది. వెనక ముగ్గురు దోస్తులు "ఇంకొంచెం తొక్కరా" అంటుంటే ఏ అంకెలూ గుర్తుండవు.

హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద కుడివైపు మొదటి రెండు లేన్లలో 120, మిగతా రెండింట్లో 80 పరిమితి. అక్కడ అసలు చిక్కు దిగేటప్పుడు. అరగంట 120లో వెళ్లాక 70 నడకలా అనిపిస్తుంది, ర్యాంప్ మలుపులోకి అదే 70తో దూరతారు. ర్యాంప్ ఎక్కకముందే మీటరు చూసి తగ్గించడం నేర్పండి, కంటిని నమ్మొద్దని చెప్పండి.

స్పీడ్ సరదా తీరాలంటే రోడ్డు కాదు, ట్రాక్ ఉంది. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 3.7 కిలోమీటర్లు. తిరుపతి, నెల్లూరు వాళ్లకి హైదరాబాద్ కన్నా దగ్గర. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి వర్తించదు, అది తెలిసే వెళ్లండి. కొత్త బ్రేకు ఆయిల్, సగానికి పైగా మిగిలిన ప్యాడ్లు ఉండాలి, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే స్పానర్) బిగించి ఉండాలి. చివరి ల్యాప్ బ్రేకు వాడకుండా నెమ్మదిగా తిప్పి రండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, గేర్‌లో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. కాలిన డిస్క్‌కి ప్యాడ్ అతుక్కుంటే తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది.