ఉంగరాల బొచ్చు పిల్లికి దువ్వెన చిట్కా

మా సెల్కిర్క్ రెక్స్ జాతి పిల్లిని దువ్విన ప్రతిసారీ ఉంగరాలు విడిపోయి, బొచ్చంతా ఏకిన దూదిలా పొంగిపోయేది. రోజూ దువ్వడమే నేను చేసిన తప్పు. ఇప్పుడు వారానికి 1 సారి, పళ్లు దూరంగా ఉన్న స్టీలు దువ్వెనతో చంకల్లో, చెవుల వెనక, పొట్ట కింద నిదానంగా చిక్కు తీస్తున్నాను. చిక్కులు పడేది ఎక్కువగా అక్కడే. వీపు మీద పైపైన రెండుసార్లు లాగితే చాలు. వెంటనే అరచేతులు కాస్త తడి చేసుకుని, బొచ్చును కింది నుంచి పైకి గుప్పిట్లోకి తీసుకుని మెల్లగా నొక్కి వదిలేస్తే, ఆరేలోపు ఉంగరాలు మళ్లీ చుట్టుకుంటాయి. (ఈ నొక్కుడంటే దానికి తెగ ఇష్టం. దువ్వెన కనిపిస్తే మాత్రం మంచం కిందికి పరుగే.)

బొచ్చు చర్మానికి అంటుకుపోయి ఉండకట్టి ఉంటే తడి తగలనీయకండి, ఇంకా బిగుస్తుంది. కత్తెర అసలే వద్దు, పిల్లి చర్మం పల్చన, ఇట్టే తెగుతుంది. వెటర్నరీ డాక్టర్ దగ్గరే తీయించండి.