టేరింగ్ సరిచేసే ముందు: లినక్స్ డెస్క్‌టాప్ జాగ్రత్తలు

వీడియోలో మనిషి తల ఒక పక్కకి, మొండెం ఇంకో పక్కకి జరిగినట్టు కనిపిస్తోందా? అదే టేరింగ్. గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మని నడిపే సాఫ్ట్‌వేర్) మీద చెయ్యి వేసే ముందు ఇవి చూసుకోండి.

• టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ టూల్‌తో స్నాప్‌షాట్ (సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి కాపీ) తీసుకోండి. మామూలుగా అది సిస్టమ్‌నే కాపాడుతుంది. మీ ఫొటోలూ ఫైళ్లూ వేరే డిస్క్‌లోకి కాపీ చేయాల్సిందే.

• అసలు డ్రైవర్ జోలికి వెళ్లాలా? ముందు లాగిన్ తెరలో వేలాండ్ (తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి) సెషన్ ఎంచుకుని చూడండి, గొడవ అక్కడే తీరిపోవచ్చు. పాత పద్ధతి ఎక్స్11లోనే ఉండాలంటే ఇంటెల్, ఏఎమ్‌డీ డ్రైవర్లలో టేరింగ్ ఆపే టేర్‌ఫ్రీ ఆప్షన్ ఉంది.

• ఇప్పుడు నడుస్తున్న డ్రైవర్ పేరు, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) వెర్షన్ రాసి పెట్టుకోండి.

• ఎన్‌విడియా డ్రైవర్‌ని మీ డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) సొంత సాఫ్ట్‌వేర్ రిపాజిటరీ నుంచే వేయండి. దాని మీద ఎన్‌విడియా సైట్ నుంచి విడిగా దించుకున్న రన్ ఫైల్ (.run ఇన్‌స్టాలర్) నడిపితే రెండూ కొట్టుకుంటాయి.

• సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని లోడ్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్‌లో వచ్చే నీలం తెరలో 'ఎన్‌రోల్ మాక్' ఎంచుకుని మళ్లీ అదే కొట్టాలి. కంగారులో దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

• తెర నల్లబడితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి, టెక్స్ట్ లాగిన్ వస్తుంది. కొత్త డ్రైవర్‌ని తీసేసే కమాండ్ ముందే కాగితం మీద ఉండాలి. నేనోసారి రాసుకోకుండా మొదలెట్టి, మిణుకుమనే కర్సర్ ముందు తెల్లారేదాకా కూర్చున్నా.

• పాత కెర్నల్ తీసేయకండి. కొత్తది బూట్ కాకపోతే గ్రబ్ మెనూలో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కెర్నల్ ఎంచుకునే తెర) అదే దిక్కు.