గుట్ట మీద ఒక్కరే ఉంటూ ఎండాకాలంలో కూరగాయలు పెంచడం ఎలా?

మౌలాలి వైపు ఒక గుట్ట వాలులో ఉంటుంది మా ఇల్లు, రెండు గదులు, ఒక్కదాన్నే ఉంటా. ఇంటి వెనక నాలుగు మంచాలు వేసేంత జాగా, మిగతాదంతా బండే. హైదరాబాద్‌లో గుట్టల పక్కన ఉన్నోళ్లకి తెలుసు, పగలంతా కాగిన బండ మీద రాత్రి పదింటికి చెయ్యి పెట్టినా వెచ్చగా తగులుతుంది, కింద కాలనీ చల్లబడ్డా మాకు చల్లబడదు. అందుకే ఇక్కడ మొక్కలు నీళ్లు లేకే చచ్చిపోతున్నాయి అనుకుంటాం గానీ చాలాసార్లు ముందు వేర్లు ఉడికిపోతాయి. ఇది అర్థం కావడానికి నాకు రెండు ఎండాకాలాలు పట్టింది.

కాబట్టి మొదటి పని, వేర్లని వేడి నుంచి తప్పించడం. కుండీ గానీ గ్రో బ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) గానీ నేరుగా బండ మీదో స్లాబ్ మీదో పెట్టొద్దు, కింద రెండు ఇటుకలు పెట్టి వాటి మీద పెట్టండి, గాలి ఆడాలి. నల్ల బ్యాగులైతే ఎండ తగిలే వైపు పాత గోనెసంచి చుట్టండి. అన్నిటినీ దగ్గర దగ్గరగా చేర్చండి, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడుతుంది.

మట్టి సంగతి త్వరగా చెప్పేస్తా. గుట్ట మీద దొరికేది మొరం, నీళ్లు పోస్తే పోసినట్టే కిందకి దిగిపోతాయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఒక పాలు, బ్యాగుకి గుప్పెడు వేపపిండి, అంతే. పైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. ఈ ఆకులు మాత్రం మానొద్దు, మధ్యాహ్నం ఆకులు పక్కకి జరిపి వేలు పెట్టి చూడండి, కింద మట్టి చల్లగా ఉంటుంది, ఆకులు లేని చోట వేలు చురుక్కుమంటుంది.

ఇక అసలు సంగతి కుండ. నేలలో మడి ఉన్నవాళ్లు, ఒక్కరే ఉండి రోజూ రెండు పూటలా నీళ్లు పోయలేనివాళ్లు ఇది తప్పకుండా చెయ్యండి. రెండు మూడు లీటర్లు పట్టే మామూలు మట్టికుండ కొనండి, రంగు వేసింది, నున్నగా పాలిష్ పెట్టింది వద్దు, దాంట్లోంచి నీళ్లు ఊరవు. తెచ్చాక నిండా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచండి, పొద్దున బయటి గోడ తడితడిగా చేతికి తగిలితే అది పనికొస్తుంది. మడి మధ్యలో మెడ వరకు పాతిపెట్టి, నీళ్లు నింపి, పైన మూకుడు బోర్లించండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, బల్లులు కూడా పడతాయి. కుండకి జానెడు దూరంలో చుట్టూ నాలుగు గింజలు పెట్టండి. మట్టి ఎండేకొద్దీ కుండలో నీళ్లు వాటంతట అవే బయటికి ఊరతాయి, వేర్లు తడి ఉన్న వైపే వెళ్లి కుండని వాటేసుకుంటాయి. పోయినసారి సీజన్ అయ్యాక ఒక కుండ బయటికి తీస్తే సొర వేర్లు దాని చుట్టూ తెల్లటి వల అల్లినట్టు ఉన్నాయి, కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నా. నావి మూడు రోజులకోసారి నింపితే సరిపోతున్నాయి, మే నెలలో మాత్రం రెండు రోజులకే. ఊరెళ్లాల్సి వస్తే కూడా ఇదే ధైర్యం.

బ్యాగుల్లో ఉన్నవాటికి పొద్దున ఏడు లోపే నీళ్లు పొయ్యండి, అడుగు నుంచి చుక్కలు కారేదాకా నెమ్మదిగా. పగలు పైపు తిప్పితే ముందు వచ్చేవి మరిగిన నీళ్లే, అవి మొక్క మొదట్లో పడితే అది ఇక లేవదు. మధ్యాహ్నం బెండ ఆకులు వేలాడినా కంగారుపడొద్దు, సాయంత్రం ఆరింటికి చూడండి, వాటంతట అవే లేచి నిలబడితే దాహం కాదు, ఎండకి తలొంచాయి అంతే. అప్పటికీ లేవకపోతేనే నీళ్లు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లన్నీ ఒక బకెట్‌లో పట్టుకోండి, మా దగ్గర ట్యాంకర్ నీళ్లు కాబట్టి నేను చుక్క కూడా పారబోయను. తాగే నీళ్ల ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్లు మాత్రం రోజూ పోయొద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ.

నీడ కోసం సగం ఎండని ఆపే యాభై శాతం గ్రీన్ షేడ్ నెట్ తలకంటే ఎత్తులో, పడమర వైపు కొంచెం కిందకి దిగేలా కట్టండి. బిగించి కట్టొద్దు. నేను కట్టు కంబితో బిగించేశా, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి నెట్‌తో పాటు కర్రల్ని కూడా లేపేసి మిర్చి మొక్కల మీద పడేసింది, అప్పుడప్పుడే పూత మీద ఉన్నాయి అవి, చాలా బాధేసింది. ఇప్పుడు నూలు తాడుతో వదులుగా కడుతున్నా.

ఏం వెయ్యాలంటే, తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు. ఒక్కరికి ఆకుకూర రెండు బ్యాగులు చాలు, తోటకూర పీకకుండా చివర్లు తుంచుకుంటే పక్క నుంచి చిగుర్లు వేస్తూనే ఉంటుంది. సొర, దోస ఫిబ్రవరిలోనే పెట్టెయ్యండి, ఎండ ముదిరాక పెడితే మగపూలే ఎక్కువ వస్తాయి. టమాటా జోలికి పోవద్దు, ఆ వేడికి పూత రాలిపోతుంది. ఆకు కింద సాలెగూడు లాంటి సన్నటి బూజు, ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి పురుగు అని అర్థం, ముందు ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టి, సాయంత్రం లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి స్ప్రే చెయ్యండి.

ఇది మొక్కల గురించి కాదు, మీ గురించి. పదకొండు తర్వాత తోటలోకి వెళ్లొద్దు, పడిపోతే చూసేవాళ్లు ఉండరు. ఫోన్ జేబులోనే ఉండాలి. నేను పొద్దున పని అయిపోగానే కింది ఇంటి అత్తమ్మకి ఒక మిస్డ్ కాల్ ఇస్తా, ఏడున్నర దాటినా రాకపోతే ఆవిడే చేస్తుంది. చీకట్లో టార్చ్, చెప్పులు కాదు బూట్లు, ఎందుకంటే చల్లదనానికి పాములు తడి మడి దగ్గరకే వస్తాయి. కనిపిస్తే కొట్టొద్దు, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఉన్నారు, వచ్చి పట్టుకెళ్తారు. ఒకవేళ కాటు పడితే కట్లు కట్టడం, కొయ్యడం చెయ్యకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు కదా, ఆ పదిహేను రోజులు కొత్త గింజ పెట్టొద్దు, ఎరువు వెయ్యొద్దు, ఉన్నవాటిని బతికించుకుంటే చాలు. మృగశిర వచ్చి రెండు మూడు మంచి వానలు పడ్డాక నెట్ తియ్యండి, అది కూడా ముందు తూర్పు వైపు, వారం తర్వాత మిగతాది, ఒక్కసారే తీసేస్తే నీడకి అలవాటుపడిన ఆకులు మాడిపోతాయి.