ఫార్మాట్ చేసినా ఫొటోలు తిరిగొస్తున్నాయా? పాత హార్డ్ డిస్క్‌ను పూర్తిగా చెరిపే దారి

2018లో మొదలైన రైతుబంధు లాంటి పథకాల కోసం వరంగల్ చుట్టుపక్కల రైతులు ఇంటర్నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులకు వెళ్లారు. ఆధార్, పట్టాదార్ పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ స్కాన్ చేయించుకున్నారు. స్కాన్ చేసిన కాపీ చాలాసార్లు ఆ షాపు సిస్టమ్‌లోనే ఉండిపోతుంది. ఆ సిస్టమ్‌లు ఇప్పుడు పాతబడి పాత సామాను బండ్లకు, సెకండ్ హ్యాండ్ షాపులకు పోతున్నాయి. డిస్క్ మనదే కావచ్చు, అందులోని కాగితాలు మాత్రం నమ్మి మన చేతికిచ్చినవాళ్లవి. పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియోలదీ ఇదే లెక్క. అందుకే ఈ పని సగంలో వదిలేయకండి.

సమస్య: ఫార్మాట్ చేశాను, అయినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లు బయటికొచ్చాయి

మీరు చేసింది క్విక్ ఫార్మాట్ అయి ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను అది కొత్తగా రాస్తుంది, అంతే. ఫైలు లోపలి డేటాను ముట్టుకోదు. డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా అంతే. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పట్టికతో పనిలేకుండా డిస్క్ అంతా వెతికి ఫొటోలు, పీడీఎఫ్‌లు ఏరి తెస్తుంది.

పరిష్కారం: డిస్క్ మొత్తం మీద సున్నాలు రాయాలి. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ ఆ పని చేస్తుంది, కాబట్టి ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ ఫార్మాట్ టిక్ తీసేయండి. ఎక్స్‌పీలో మాత్రం ఫుల్ ఫార్మాట్ కూడా డేటాను చెరపదు. అయితే ఫార్మాట్ ఒక్క పార్టిషన్‌కే (సీ, డీ లాంటి డిస్క్ భాగానికే) పరిమితం. డిస్క్ మొత్తానికి విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ మేలు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ తర్వాత దాని నంబరు, చివరికి క్లీన్ ఆల్ కొట్టాలి. ఉత్త క్లీన్ కొడితే పార్టిషన్ల సమాచారం పోతుంది తప్ప డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ 'ఆల్' మర్చిపోవద్దు.

ఎంటర్ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. చెరపాల్సిన డిస్క్, సిస్టమ్‌లోని డిస్క్ రెండూ 500 జీబీవే అయితే సైజు చూసి గుర్తుపట్టలేరు. డిటైల్ డిస్క్ కొడితే మోడల్ పేరు వస్తుంది, దాన్ని డిస్క్ మీది స్టిక్కర్‌తో పోల్చుకోండి. చెరపకూడని డిస్కుల కేబుల్ ముందే పీకేస్తే ఇంకా మంచిది. క్లీన్ ఆల్ "నిజంగా చెరపమంటారా" అని అడగదు.

సమస్య: క్లీన్ ఆల్ ఇచ్చాక స్క్రీన్ కదలట్లేదు

హ్యాంగ్ అయిందనుకుని చాలామంది ఇక్కడే ఆ విండో మూసేస్తారు. నిజానికి ఆ కమాండ్ ఎంత శాతం అయిందో చూపించదు. 500 జీబీ డిస్క్‌ను మదర్‌బోర్డుకే తగిలిస్తే సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. పాత యూఎస్‌బీ 2 అడాప్టర్ మీదైతే నాలుగున్నర గంటల పైమాటే. డిస్క్ లైటు మిణుకుమంటున్నంతసేపూ పని జరుగుతున్నట్టే. ముందుగా స్లీప్ ఆఫ్ చేసుకోండి, యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టండి. మధ్యలో కరెంట్ పోతే మళ్లీ మొదటినుంచి చేయాలి. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో డిస్క్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి, వీలైతే రాత్రి పూట చేయండి.

ఎన్నిసార్లు రాయాలి? 35 సార్లనే మాట ఇంకా తిరుగుతోంది. అది 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన పరిశోధన పత్రం నుంచి వచ్చింది. ఆనాటి రకరకాల పాత డ్రైవ్‌లన్నింటికీ కలిపి చెప్పిన లెక్క అది. ఇప్పటి డ్రైవ్‌లకు అంత అవసరం లేదని తర్వాత ఆయనే స్పష్టం చేశారు. ఒక్కసారి పూర్తిగా రాసి, పడిందో లేదో చూసుకుంటే చాలు.

చూసుకోవడం ఎలాగంటే, హెచ్ఎక్స్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్‌ను రీడ్ ఓన్లీగా తెరవండి. మొదట్లో, మధ్యలో, చివర్లో నాలుగైదు చోట్లకు వెళ్లి చూడండి. ఎక్కడ చూసినా వరుసగా 00 00 00 ఉండాలి. అక్షరాలు, అంకెలు కలగాపులగంగా కనిపిస్తే పని పూర్తవనట్టే. తర్వాత ఫొటోరెక్‌తో ఒకసారి వెతికించండి. దానికి ఏమీ దొరక్కపోతేనే అమ్మకానికి పెట్టండి.

సమస్య: సీ డ్రైవ్ ఫార్మాట్ కావట్లేదు

విండోస్ దాని మీదే నడుస్తోంది కాబట్టి ఒప్పుకోదు. డిస్క్ తీసి ఇంకో సిస్టమ్‌కు తగిలించండి. వీలుకాకపోతే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ష్రెడ్ కమాండ్ వాడండి. దానికి -v జోడిస్తే ఎంతవరకు వచ్చిందో చూపిస్తుంది, -z జోడిస్తే చివర్లో సున్నాలు రాస్తుంది. విండోస్ 10లోని రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, సెట్టింగ్స్ మార్చి, క్లీన్ డేటా ఆన్ చేసినా ఇంటి సిస్టమ్‌కు సరిపోతుంది. జనం కాగితాలున్న షాపు సిస్టమ్‌కు మాత్రం డిస్క్ విప్పి చేయడమే నా సలహా.

సమస్య: డిస్క్ కనిపించట్లేదు, లేదా మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది

ముందు కేబుల్ మార్చండి. డెస్క్‌టాప్ డిస్క్‌కు 12 వోల్టులు కావాలి, ఉత్త యూఎస్‌బీ వైరు నుంచి అది రాదు. అడాప్టర్‌తో పాటు వచ్చే కరెంట్ ప్లగ్ పెట్టాల్సిందే. పవర్ సరిగ్గా ఉన్నా టిక్ టిక్ మంటూ ఆగుతుంటే సాధారణంగా హెడ్ (డేటా చదివే భాగం) పాడైనట్టు. ఒకేచోట రాయలేక ఆగుతుంటే బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్‌లో పాడైన చోట్లు ఉన్నట్టు.

"ఎలాగూ పనిచేయట్లేదు, ఎవడు చదువుతాడు" అనుకోకండి. పాడైంది చదివే భాగం, డేటా ఉన్న పళ్లాలు బాగానే ఉంటాయి. రికవరీ ల్యాబ్‌లు బతికేదే ఇలాంటి డిస్కుల మీద. సాఫ్ట్‌వేర్‌తో చెరపలేని డిస్క్‌ను చేత్తోనే నాశనం చేయాలి. స్పీకర్ అయస్కాంతం రుద్దడం, నీళ్లలో ముంచడం దండగ. కాల్చడం అసలే వద్దు, విషపు పొగ వస్తుంది.

నక్షత్రం ఆకారపు స్క్రూడ్రైవర్‌తో మూత విప్పండి. అన్ని స్క్రూలూ తీసినా మూత రాలేదంటే సాధారణంగా స్టిక్కర్ కింద ఒకటి దాగి ఉంటుంది. డెస్క్‌టాప్ డిస్కుల పళ్లాలు ఎక్కువగా అల్యూమినియంవి. ఒక్కొక్కటీ బయటికి తీసి, రెండు వైపులా గీకి, వంచి, డ్రిల్‌తో చాలా చోట్ల తూట్లు పెట్టండి. ల్యాప్‌టాప్ డిస్కులవి ఎక్కువగా గాజువి, చూడటానికి అచ్చం లోహంలాగే మెరుస్తాయి. వంచబోతే ముక్కలై కళ్లలోకి ఎగురుతాయి. మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని సుత్తితో కొట్టండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

సమస్య: ఎస్ఎస్‌డీకి కూడా ఇదే పద్ధతా?

కాదు. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లాలు ఉండవు, డేటా చిప్‌లలో ఉంటుంది. మనం సున్నాలు రాయమన్నా అది తనకు నచ్చిన చోట రాసుకుంటుంది. పాత డేటా మనకు కనిపించని సెల్స్‌లో మిగిలిపోవచ్చు. డ్రైవ్ లోపలే ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అది కొన్ని మదర్‌బోర్డుల బయాస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరుచుకోగల సెట్టింగ్స్‌లో) ఉంటుంది, శాంసంగ్ మెజీషియన్ లాంటి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. డ్రైవ్ ఫ్రోజన్ అని వస్తే సిస్టమ్‌ను ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపండి, చాలాసార్లు తాళం వీడుతుంది. పగలగొట్టాల్సి వస్తే బోర్డు విరిస్తే సరిపోదు, దాని మీది ప్రతి నల్ల చిప్ పగలాలి.

సీసీ కెమెరాల డీవీఆర్‌లో ఉండేదీ మామూలు సాటా హార్డ్ డిస్కే, తీసి పైన చెప్పినట్టే చెరపండి. ఆఫీసులు, షాపుల్లో వాడే పెద్ద డిజిటల్ జిరాక్స్ మెషిన్లలో కూడా చాలావాటిలో డిస్క్ ఉంటుంది. పాత మెషిన్‌ను ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చే ముందు మెకానిక్‌ను అడిగి, ఉంటే చెరిపించండి లేదా తీయించి మీ దగ్గరే ఉంచుకోండి. పగలగొట్టిన ముక్కలను చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు ఇవ్వండి.